గురుగ్రహం, దాని చందమామలు: నల్లగొండ, పాలమూరు ఊళ్లలో పదే పదే అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. చలికాలం వచ్చిందంటే టెలిస్కోపును బండికి కట్టుకుని ఊళ్లకు పోతుంటాను. నకిరేకల్, దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట, ఒక్కోసారి గద్వాల దాకా. ఇట్లా తిరగడం మొదలుపెట్టి పన్నెండేళ్లు కావస్తోంది. గురుడు సూర్యుడి చుట్టూ ఒక చుట్టు తిరగడానికి పట్టేది కూడా దాదాపు అంతే. ఏ ఊరికి పోయినా, బడి పిల్లలైనా బత్తాయి తోటకు కావలి ఉండే పెద్దాయనైనా అడిగే ప్రశ్నలు మాత్రం అవే. లైన్లో వెనకవాళ్లు తొందర పెడుతుంటే చాలామందికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వాళ్ల కోసమే ఇవన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్నకైనా నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ఆకాశంలో గుర్తుపట్టడం

గురుడు, బృహస్పతి, జూపిటర్: మూడూ ఒకటేనా?

ఒకటే. పంచాంగంలో గురుడు, పురాణంలో దేవతల గురువు బృహస్పతి, ఇంగ్లిష్ మీడియం పుస్తకంలో జూపిటర్. మన దగ్గర గురువారాన్ని బేస్తారం అంటాం కదా, ఆ మాట కూడా బృహస్పతివారం నుంచి వచ్చిందే. మా నాయనమ్మ "బేస్తారం సంతకు పోవాలె" అన్నప్పుడల్లా ఈ గ్రహం పేరే పలికేది. ఆ సంగతి నాకు తెలిసేసరికి చెబుదామంటే ఆమె లేదు.

అన్నీ చుక్కల్లాగే ఉన్నాయి. ఇందులో గురుడు ఏదో ఎట్లా తెలుస్తుంది?

మూడు గుర్తులు చూడండి. ఒకటి, మిణుకుమిణుకుమనదు, నిలకడగా వెలుగుతుంది. రెండు, చాలా కాంతిగా, కొంచెం మీగడ రంగులో ఉంటుంది. మూడు, సూర్యుడు, చంద్రుడు నడిచే దారిలోనే ఉంటుంది, కాబట్టి ఉత్తరాన ధ్రువనక్షత్రం వైపు వెతకక్కర్లేదు. చలికాలంలో దక్షిణం వైపు నీలిగా, తళుకుతళుకుమంటూ కనిపించేది లుబ్ధకుడనే నక్షత్రం. చాలామంది దాన్నే గురుడనుకుంటారు. అనుమానంగా ఉంటే ఫోన్లో ఉచితంగా దొరికే ఆకాశ పటం యాప్ తెరిచి ఆ వైపు పట్టుకోండి, పేరు చూపిస్తుంది.

తెల్లారుజామున కనబడే వేగుచుక్క ఇదేనా?

కాదు, వేగుచుక్క శుక్రుడు. శుక్రుడు సూర్యుడికి మనకంటే దగ్గర కాబట్టి తెల్లారేముందు తూర్పునో, పొద్దుగూకాక పడమరనో మాత్రమే కనబడతాడు. నడిరాత్రి నడినెత్తిన ఎప్పుడూ ఉండడు. నడిరాత్రి పైన అంత తెల్లగా, నిలకడగా వెలుగుతున్నదంటే అది గురుడే అయి ఉంటుంది.

ఏ నెలలో బాగా కనబడుతుంది?

సుమారు 13 నెలలకు ఒకసారి సూర్యుడికి, గురుడికి సరిగ్గా మధ్యలోకి భూమి వస్తుంది. అప్పుడు పొద్దుగూకే వేళకు గురుడు తూర్పున లేచి తెల్లవార్లూ ఉంటాడు, మనకు దగ్గరగా కూడా ఉంటాడు. 2026లో ఆ రోజు జనవరి 10. తర్వాతది 2027 ఫిబ్రవరి రెండో వారంలో, ఆ తర్వాతది 2028 మార్చిలో. ఆ తేదీకి ముందూ వెనకా రెండేసి నెలలు హాయిగా చూడొచ్చు. ఈ కొన్నేళ్లూ మనకు కలిసొచ్చింది, మబ్బు లేని నెలల్లోనే పడుతున్నాయి.

నల్లగొండ టౌన్లో లైట్లు ఎక్కువ. చూడాలంటే ఊరి బయటికి పోవాలా?

గురుడి కోసమైతే అక్కర్లేదు. గడియారం సెంటర్లో నిలబడి చూసినా కనబడేంత కాంతి ఉంది. పాలపుంత కోసం చీకటి కావాలి, గ్రహాలకు కావలసింది కదలని గాలి. మన దగ్గర అసలు చిక్కు అదే. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పది దాకా సెగ వదులుతూనే ఉంటుంది. ఆ సెగలోంచి చూస్తే గ్రహం నీళ్లలో రూపాయి బిళ్ల లాగా వణుకుతుంది. అందుకే నేను బంగ్లా మీద కన్నా కింద మట్టి నేల మీద టెలిస్కోపు పెడతాను. పానగల్లు ఉదయసముద్రం కట్ట దగ్గర, చల్లటి రాత్రుల్లో, అంచులు గీత గీసినట్టు కనిపించడం చాలాసార్లు చూశాను.

## అద్దాల్లోంచి చూడటం

టెలిస్కోపు కొనే స్తోమత లేదు. లేకుండా ఏమైనా కనబడుతుందా?

గ్రహం మామూలు కంటికే కనబడుతుంది. చందమామలు కావాలంటే మామూలు బైనాక్యులర్ చాలు. 7x50 లేదా 10x50 అని రాసి ఉండేది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. పిట్టగోడ మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద బైనాక్యులర్ ఆనించి, మోచేతులు గోడకు బిగించి, ఒక్క క్షణం ఊపిరి బిగపట్టండి. ముందు తెల్లటి వెలుగు అటూ ఇటూ ఊగుతుంది. అది నిలబడగానే చిన్న గుండ్రటి బిళ్ల, దాని పక్కన ఒకే వరుసలో సూదిమొన గుచ్చినట్టు రెండో మూడో చుక్కలు, అదృష్టం బాగుంటే నాలుగూ కనబడతాయి. 1610లో గెలీలియో చూసినవి ఇవే.

మునుగోడు వైపు ఒక ఊళ్లో పత్తి ఏరి ఇంటికి పోతున్న ఒకామె ఆగి చూసింది. పత్తికాయల మొనలు గీరుకుని ఆమె వేళ్ల నిండా సన్నటి గీతలు. ఆ వేళ్లతోనే అద్దం అంచు పట్టుకుని చాలాసేపు కదలకుండా నిలబడి, "గివి దాని పిల్లలా సారూ?" అని అడిగింది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆన్‌లైన్లో '400 రెట్లు' అని రాసిన టెలిస్కోపు కొన్నాం, ఏమీ కనబడట్లేదు. మా తప్పా?

మీ తప్పు కాదు. నేను మొదట కొన్నది కూడా అట్లాంటిదే. ముట్టుకుంటే చాలు స్టాండు ఊగేది, నెల రోజులు ఏమీ చూడలేకపోయాను. టెలిస్కోపులో చూడాల్సింది ఎన్ని రెట్లు అన్నది కాదు, ముందు అద్దం ఎంత వెడల్పు, స్టాండు ఎంత గట్టిది అన్నది. 40 రెట్లు పెద్దగా చూపిస్తే చాలు, మామూలు కంటికి పున్నమి చంద్రుడు కనబడేంత సైజులో గురుడు కనబడతాడు.

ఉన్నదాన్ని పనికి తెచ్చుకోవచ్చు. పెట్టెలో వచ్చిన కంటి అద్దాల్లో ఎక్కువ మిల్లీమీటర్లు రాసి ఉన్నదాన్ని పెట్టండి, అది తక్కువ రెట్లు చూపిస్తుంది. పగటిపూట దూరంగా ఉన్న సెల్ టవర్ మొన మీదికి గురిపెట్టి, పక్కనున్న చిన్న గొట్టంలో కూడా అదే మొన మధ్యలోకి వచ్చేలా మరలు తిప్పుకోండి. స్టాండుకు కింద ఇటుకల సంచి వేలాడదీయండి. సూర్యుడి వైపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పొద్దు, చూపు పోతుంది.

నిన్న ఎడమ పక్కన మూడు ఉండె, ఇవాళ రెండే ఉన్నాయి. ఒకటి ఏమైంది?

ఎక్కడికీ పోలేదు. గ్రహం వెనక్కి పోయి ఉంటుంది, లేదా గ్రహం ముందుకు వచ్చి ఆ వెలుగులో కలిసిపోయి ఉంటుంది, లేదా గ్రహం నీడలోకి దూరి ఉంటుంది. లేదంటే కుడి పక్కకు మారి ఉంటుంది. ఈ నాలుగు పెద్ద చందమామల్లో అన్నిటికన్నా లోపల తిరిగే అయో ఒక చుట్టుకు తీసుకునేది 42 గంటలే, కాబట్టి మూడు గంటలు ఆగి చూసినా జరిగినట్టు తెలిసిపోతుంది. 1610 జనవరి 7న గెలీలియోకు కూడా మొదటి రాత్రి మూడే కనబడ్డాయి. అవి వెనకాల ఉన్న మామూలు నక్షత్రాలనుకున్నాడు. రోజూ బొమ్మ గీసుకుంటూ పోతే అవి గురుడిని వదలకుండా వెంటే తిరుగుతున్నాయని వారంలోనే తేలింది, నాలుగోది కూడా దొరికింది. ఆకాశంలో ఉన్నవన్నీ భూమి చుట్టే తిరుగుతాయన్న మాట కూలడానికి ఆ బొమ్మలు పెద్ద కారణం. మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా పది రాత్రులు అట్లాగే నోటుబుక్కులో గీశారు, వాళ్లకూ అదే తేలింది.

గ్రహం మీద నల్లటి చుక్క కనబడింది. అద్దం మీద దుమ్మా?

పది నిమిషాలు ఆగి చూడండి. మెల్లగా జరుగుతున్నదంటే అది ఒక చందమామ నీడ. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో రోజంతా కదలని నీడను చూసిన వాళ్లకు, ఇది కదిలే నీడ. ఆ చుక్క పడిన చోట మేఘాల మీద ఎవరైనా ఉంటే వాళ్లకు అప్పుడు సంపూర్ణ సూర్యగ్రహణం. 1980 ఫిబ్రవరి 16న మన జిల్లాల మీదుగా పోయిన గ్రహణాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసే ఉంటారు, అడగండి. ఆ రోజు మన మీద పడింది కూడా ఇట్లాంటి నీడే. చూడటానికి కాస్త పెద్ద టెలిస్కోపు, నిలకడైన గాలి కావాలి.

ఫొటోల్లో ఉన్న రంగులు మాకు కనబడవెందుకు?

ఆ ఫొటోలు దగ్గరికి పోయిన నౌకలు తీసినవి, పైగా తేడాలు తెలియడానికి రంగులు గాఢం చేస్తారు. మనకు మీగడ రంగు బిళ్ల మీద రెండు లేత గోధుమ రంగు చారలు కనబడతాయి. కన్ను అలవాటు పడాలి. ఒక నిమిషం చూసి దిగిపోయేవాళ్లకు ఒక చార, ఐదు నిమిషాలు ఆగినవాళ్లకు రెండు చారలు కనబడటం నేను ప్రతిచోటా చూస్తాను.

ఆ ఎర్ర మచ్చ ఏమిటి?

అదొక తుఫాను. 1831 నుంచి ఎడతెగకుండా కనిపిస్తూనే ఉంది. కింద నేల లేదు కాబట్టి మన తుఫానులాగా తీరం దాటి బలహీనపడే అవకాశం లేదు. వందేళ్ల పైచిలుకు కిందట దాని వెడల్పు సుమారు 40,000 కి.మీ. ఉండేది, ఇప్పుడు 16,000 కి.మీ. దగ్గరికి తగ్గింది. అయినా మన భూమి అందులో పట్టేస్తుంది. చిన్న టెలిస్కోపుల్లో దొరకడం కష్టం.

## గ్రహం సంగతి

ఎంత పెద్దది? కిలోమీటర్లలో కాకుండా మాకు తెలిసేటట్టు చెప్పండి.

ఒక మంచి సైజు బత్తాయి తీసుకోండి, అడ్డం 7 సెం.మీ. ఉండేది. అది గురుడు. పక్కన ఒక కంది గింజ పెట్టండి. అది భూమి. సూర్యుడు 28 అంగుళాల పెద్ద సైకిలు చక్రమంత. ఇప్పుడు చక్రాన్ని బడి గేటు దగ్గర నిలబెడితే కంది గింజను 73 మీటర్ల దూరంలో, బత్తాయిని 380 మీటర్ల దూరంలో పెట్టాలి. మా ఊళ్లో పెట్టి చూస్తే బత్తాయి గ్రామపంచాయతీ ఆఫీసు దాటింది. మధ్యలో అంతా ఖాళీయే. అంత దూరం నుంచి తిరిగి చూసినప్పుడే పిల్లలకు ఆ ఖాళీ అర్థమవుతుంది, పుస్తకంలో బొమ్మ చూస్తే కాదు.

లెక్కలు కావాల్సిన వాళ్లకు: మధ్యరేఖ దగ్గర అడ్డం 1,42,984 కి.మీ., సూర్యుడి నుంచి సగటు దూరం 77.8 కోట్ల కి.మీ. లోపల 1,300 భూములు పడతాయి, బరువు మాత్రం 318 భూములంత. ఖాళీ జాగాలో అన్ని పట్టినా బరువు తక్కువ తూగుతోందంటే అది రాయి కాదని అక్కడే తెలుస్తోంది. మిగతా ఏడు గ్రహాలనూ కలిపి ఒక తక్కెడలో పెట్టినా గురుడిది రెండున్నర రెట్ల బరువు.

వాయుగ్రహం అంటే పొగలాంటిదా? రాకెట్ ఇటు దూరి అటు బయటికి రావచ్చా?

రాలేదు. ఎక్కువ భాగం హైడ్రోజన్, తర్వాత హీలియం, పైన అమ్మోనియా మేఘాలు. పైన వాయువే, కానీ లోపలికి పోయేకొద్దీ పైనున్న బరువంతా కిందికి నొక్కుతుంటుంది. నొక్కి నొక్కి హైడ్రోజన్ ద్రవంలా మారుతుంది, ఇంకా లోతున లోహంలాగా కరెంటు పారే స్థితికి వస్తుంది. ఆ గ్రహానికి అంత బలమైన అయస్కాంత క్షేత్రం ఉండటానికి కారణం అదే. బండరాయిలాంటి గట్టి గింజ మధ్యలో ఉంటుందని ఒకప్పుడు అనుకునేవారు. గురుడి చుట్టూ తిరిగిన జూనో అనే నౌక కొలతలు చూశాక, ఆ గింజ చుట్టూ ఉన్నదానిలో కలగలిసి, అంచులు కరిగినట్టు ఉందని తేలింది.

ఒక పరికరం నిజంగానే లోపలికి దిగింది. గెలీలియో అనే నౌక నుంచి విడిపోయి 1995 డిసెంబర్ 7న పారాచూట్‌తో మేఘాల్లోకి దూరింది. సుమారు 58 నిమిషాల పాటు సమాచారం పంపింది. మన గాలి ఒత్తిడికి 20 రెట్లు పైబడిన చోట వేడికి మూగబోయింది. గ్రహం మొత్తం లోతులో అది దిగింది బత్తాయి తొక్క మీద గోరు గీరినంత కూడా కాదు.

హైడ్రోజనే కదా, నిప్పు పెడితే అంటుకుంటుందా?

అంటుకోదు. మండాలంటే ఆక్సిజన్ కావాలి, అక్కడ విడిగా ఆక్సిజన్ లేదు. 1994 జూలైలో షూమేకర్-లెవీ 9 అనే తోకచుక్క ముక్కలైపోయి, ఆ ముక్కలు వారం రోజుల పాటు ఒకదాని వెనక ఒకటి గురుడి మీద పడ్డాయి. పెద్ద పెద్ద అగ్నిగోళాలు లేచాయి, భూమి అంత నల్ల మచ్చలు కొన్ని నెలలు కనబడ్డాయి. గ్రహం మాత్రం అంటుకోలేదు.

ఇంకొంచెం పెద్దదైతే రెండో సూర్యుడు అయ్యేదట, నిజమేనా?

"ఇంకొంచెం" అన్నదే తప్పు. ఇప్పుడున్న బరువుకు 80 రెట్ల దగ్గరికి పెరిగితే తప్ప హైడ్రోజన్ సూర్యుడిలోలాగా రగలదు. అయితే, పుట్టినప్పటి వేడి ఇంకా లోపల ఉండటం వల్ల గురుడు సూర్యుడి నుంచి తీసుకునే దానికన్నా ఎక్కువ వేడిని బయటికి వదులుతాడు.

అక్కడ ఒక రోజు ఎంత?

పది గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. అంత పెద్ద గోళం అంత వేగంగా తిరగడంతో నడుము దగ్గర ఉబ్బి, పైనా కిందా అణిగింది. నిలువు అడ్డం కన్నా 9,000 కి.మీ. పైగా తక్కువ. టెలిస్కోపులో కూడా ఆ అణుకు కనిపిస్తుంది. సంవత్సరమేమో మన 11.86 సంవత్సరాలు. 3 డిగ్రీలే వంగి ఉంది కాబట్టి ఎండాకాలం, వానాకాలం తేడా పెద్దగా లేదు.

మనిషి అక్కడ నిలబడగలడా?

నిలబడటానికి నేల లేదు. మేఘాల ఎత్తులో తూకం వేయగలిగితే 60 కిలోల మనిషి 150 కిలోలు తూగుతాడు.

శనికి ఉన్నట్టు దీనికీ వలయం ఉందా?

ఉంది, కానీ సన్నటి దుమ్ముతో చేసినది. 1979లో వాయేజర్ 1 అనే నౌక పోయేదాకా ఎవరికీ తెలియదు. మన టెలిస్కోపుల్లో కనబడదు.

## చందమామల సంగతి

మొత్తం ఎన్ని? ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క ఉంది.

అచ్చయిన సంవత్సరం చూడండి, లెక్క దాన్నిబట్టి మారుతుంది. 1610లో నాలుగు. ఐదోది, అమాల్తియా, 1892లో బర్నార్డ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడి కంటికి దొరికింది. టెలిస్కోపులో కంటితో చూసి కనిపెట్టిన ఆఖరి చందమామ అదే, తర్వాతవన్నీ ఫొటోల్లో, నౌకల చిత్రాల్లో దొరికినవి. 2023 నాటికి 95 అయ్యాయి, 2025లో 97 దాకా వచ్చాయి, ఇంకా పెరుగుతాయి. కొత్తగా దొరికేవి చాలావరకు ఒకటి రెండు కిలోమీటర్ల రాళ్లు, ఎప్పుడో దారిన పోతూ గురుడి ఆకర్షణకు చిక్కినవి. శనికి ఇంకా ఎక్కువ, 2025 మార్చిలో 274 అయ్యాయి. పరీక్ష రాసే పిల్లలు "ఫలానా సంవత్సరం నాటికి" అని కలిపి రాయండి.

నాలుగు పెద్దవాటి పేర్లు, వరుస గుర్తుండేదెట్లా?

చేతులతో చేస్తే గుర్తుంటుంది. బడి వరండాలో షాబాదు బండల మీద మధ్యన 7 సెం.మీ. బత్తాయి పెట్టండి. దాని నడిబొడ్డు నుంచి 21 సెం.మీ. దూరంలో ఒక ఆవగింజ, అది అయో. 33 సెం.మీ. దగ్గర కాస్త చిన్న ఆవగింజ, యూరోపా. 52 సెం.మీ. దగ్గర సజ్జ గింజ, గ్యానిమీడ్. 92 సెం.మీ. దగ్గర ఇంకో సజ్జ గింజ, కలిస్టో. చాక్‌పీసుతో చుట్టూ గీతలు గీయండి. దూరాలు, సైజులు రెండూ నిజమైన పాళ్లలోనే ఉంటాయి. కింద కూర్చుని పక్క నుంచి, గింజల ఎత్తులో ఒక కన్ను మూసి చూస్తే టెలిస్కోపులో కనబడేట్టే అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. వరుసలో ఎందుకుంటాయన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది, ఆ చుట్లను మనం అంచు నుంచి చూస్తున్నాం.

అయో మీద మైనస్ 130 డిగ్రీల చలి అంటారు, మళ్లీ అగ్నిపర్వతాలంటారు. ఎట్లా కుదురుతుంది?

బైండింగ్ వైరును ఒకేచోట అటూ ఇటూ పదిసార్లు వంచి, వంచిన చోట ముట్టుకుని చూడండి, కాలుతుంది. అయోకు జరిగేది అదే. గురుడు దాన్ని ఒకవైపు లాగుతుంటాడు, అది తిరిగే దారి కొంచెం కోలగా ఉండటంతో ఆ లాగుడు ఎక్కువ తక్కువలవుతుంటుంది. దాంతో అక్కడి నేల వంద మీటర్ల దాకా పైకీ కిందికీ ఉబ్బి అణుగుతుంది. ఆ నలుగుడుకు లోపల రాయి కరుగుతుంది. పైన చలి, లోపల లావా.

దారి గుండ్రంగా సర్దుకోవచ్చు కదా అంటే, పక్కవాళ్లు సర్దుకోనివ్వరు. మన బతుకమ్మ ఆటలో ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలు కట్టారనుకోండి. బయటి వలయం (గ్యానిమీడ్) ఒక చుట్టు తిరిగేలోపు నడిమి వలయం (యూరోపా) రెండు, లోపలి వలయం (అయో) నాలుగు తిరుగుతాయి. లెక్క తప్పదు. అట్లా మళ్లీ మళ్లీ అదే చోట ఎదురుపడి లాగుకోవడంతో అయో దారి కోలగానే ఉండిపోతుంది. 1979 మార్చిలో వాయేజర్ 1 పంపిన ఒక ఫొటోలో, అయో అంచున గొడుగులా లేచిన మసక వెలుగును లిండా మొరబిటో అనే ఇంజనీరు గమనించారు. భూమి బయట రగులుతున్న అగ్నిపర్వతాన్ని మనుషులు చూడటం అదే మొదలు. ఇప్పటికి అక్కడ 400కు పైగా తెలిశాయి.

యూరోపాలో నీళ్లున్నాయంటారు. చేపలు కూడా ఉన్నాయా?

నీళ్లు ఉన్నాయనడానికి గట్టి ఆధారాలున్నాయి. పైన కిలోమీటర్ల మందాన మంచు పెంకు, అక్కడక్కడా పగిలి అతుక్కున్న గీతలు. గురుడి అయస్కాంత క్షేత్రానికి యూరోపా స్పందించే తీరు చూస్తే లోపల ఉప్పునీటి సముద్రం ఉన్నట్టే. భూమి మీది సముద్రాలన్నిటికీ రెండింతల నీరు ఉండొచ్చని అంచనా. ప్రాణి ఏదీ ఇంతవరకు దొరకలేదు. కానీ ఉండే వీలుంది కాబట్టే, పని అయిపోయిన గెలీలియో నౌకను 2003 సెప్టెంబర్‌లో కావాలనే గురుడిలోకి పంపి కాల్చేశారు, ఎప్పుడో అది పోయి యూరోపాను తాకి మన సూక్ష్మజీవులను అంటించకూడదని. ఎవరి ఇల్లో తెలియని ఇంటికి కూడా మైల తగలకుండా చూసుకున్నారు. నాకు ఆ పని చాలా నచ్చుతుంది.

గ్యానిమీడ్ బుధగ్రహం కన్నా పెద్దదట. మరి గ్రహం అనరెందుకు?

సూర్యుడి చుట్టూ సొంతంగా తిరిగేదే గ్రహం, ఇది గురుడి చుట్టూ తిరుగుతుంది. అడ్డం 5,268 కి.మీ., బుధుడిది 4,879 కి.మీ. అయితే సగం మంచు కాబట్టి బరువులో బుధుడికి సగం కూడా తూగదు. సొంత అయస్కాంత క్షేత్రం ఉన్న చందమామ ఇదొక్కటే.

కలిస్టో మీద ఏముంది?

గుంతలు. కోట్లాది ఏళ్లుగా పడ్డ రాళ్ల గుంతలు చెరిగిపోకుండా అట్లాగే ఉన్నాయి.

ఈ చందమామల వల్ల కాంతి వేగం తెలిసిందని విన్నాం. ఏమిటా కథ?

పాలమూరు బస్టాండులో రోజూ ఆరింటికి బస్సు బయలుదేరుతుంది. మీరు జడ్చర్లలో నిలబడితే ఒక వేళకు, ఇంకా దూరంగా షాద్‌నగర్‌లో నిలబడితే ఇంకా ఆలస్యంగా అందుతుంది. బస్సు లేటు కాదు, మీరు దూరం జరిగారు. 1676లో పారిస్‌లో పనిచేసే ఓలే రోమర్ ఇదే గమనించాడు. అయో గురుడి నీడలోకి పోయే వేళలు, భూమి గురుడికి దూరం జరిగే నెలల్లో లెక్క కన్నా ఆలస్యమవుతున్నాయి, దగ్గరయ్యే నెలల్లో ముందుకొస్తున్నాయి. అంటే ఆ కబురు మోసుకొచ్చే వెలుగుకు దారిలో సమయం పడుతోంది. భూకక్ష్యను అడ్డంగా దాటడానికి 22 నిమిషాలని అతని అంచనా, సరైన లెక్క 16 నిమిషాల 40 సెకన్ల దగ్గర. అంతకుముందు వెలుగు తక్షణమే అందుతుందని చాలామంది నమ్మేవారు. అప్పటి గడియారాలతో అంత దగ్గరికి రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

## అక్కడికి పోయిన నౌకలు

ఇప్పటిదాకా ఏవేవి పోయాయి?

1973లో పయనీర్ 10 మొదటిది, పక్క నుంచి దాటిపోయింది. 1979లో రెండు వాయేజర్లు. 1995 నుంచి 2003 దాకా గెలీలియో చుట్టూ తిరిగింది. 2011లో బయలుదేరిన జూనో 2016 జూలైలో చేరి, ధ్రువాల మీదుగా తిరిగింది. ఆ ధ్రువాల దగ్గర తుఫానులు పూరేకుల్లాగా గుత్తి కట్టి ఉన్న ఫొటోలు జూనో పంపినవే.

ఇప్పుడు దారిలో ఏమున్నాయి?

రెండున్నాయి. యూరప్ వాళ్ల జ్యూస్ 2023 ఏప్రిల్‌లో బయలుదేరింది, 2031 జూలైలో చేరి తర్వాత గ్యానిమీడ్ చుట్టూ తిరుగుతుంది. నాసా వాళ్ల యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబర్ 14న బయలుదేరింది, 2030 ఏప్రిల్‌లో చేరుతుంది. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లలు ఇంటర్ చదివేనాటికి ఫొటోలు రావాలి.

అంత దూరం పోవడంలో అసలు కష్టం ఏమిటి?

ఎండ, రేడియేషన్. అక్కడ ఎండ మన దగ్గరి దాంట్లో 27వ వంతు, సోలార్ పలకలు చాలా పెద్దవి కావాలి. గ్రహం దగ్గర రేడియేషన్ ఎలక్ట్రానిక్ భాగాలను పాడుచేస్తుంది, అందుకే జూనో కంప్యూటర్లను టైటానియం పెట్టెలో పెట్టారు.

## పంచాంగం, పుష్కరాలు

పుష్కరాలకు, ఈ గ్రహానికి సంబంధం ఏమిటి?

సూటి సంబంధం. గురుడు ఒక్కో రాశిలో సుమారు ఏడాది ఉంటాడు. ఒక్కో రాశికి ఒక్కో నది. కన్యలోకి వస్తే కృష్ణ, మకరంలోకి వస్తే తుంగభద్ర, సింహంలోకి వస్తే గోదావరి. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగాయి, 2020 నవంబర్‌లో అలంపూర్ దగ్గర తుంగభద్ర పుష్కరాలు. కృష్ణకు మళ్లీ 2028లో.

ఇందులో ఒక సన్నటి లెక్క ఉంది. గురుడి చుట్టు సరిగ్గా 12 ఏళ్లు కాదు, దానికి 50 రోజులు తక్కువ. ఆ తేడా పోగై 83 ఏళ్లలోనే ఏడు చుట్లు పూర్తవుతాయి, పన్నెండేళ్ల లెక్కనైతే 84 కావాలి. టెలిస్కోపు లేని కాలంలో తరతరాలుగా ఒక చుక్కను చూస్తూ పట్టుకున్న లెక్క ఇది.

2016లో బీచుపల్లి ఘాట్‌లో మా అమ్మను తీసుకుని దిగాను. వాన వెలిసి, పొద్దుగూకాక, పడమట మబ్బుల సందులో కిందగా గురుడు కనబడ్డాడు, దగ్గర్లోనే శుక్రుడు. చుట్టూ వేలమంది తడి బట్టలతో మెట్లెక్కుతున్నారు. ఎవరి పేరున మునిగామో ఆ గ్రహం అదిగో అని అమ్మకు చూపించాను. తడి కొంగు నెత్తిన కప్పుకుని రెండు చేతులూ జోడించింది.

మూఢాలు వచ్చాయంటారు కదా. అప్పుడు గురుడు నిజంగా కనబడడా?

నిజంగానే కనబడడు. ఏడాదికోసారి గురుడు మన చూపుకు సూర్యుడి దిక్కుకు వస్తాడు, ఆ వెలుగులో సుమారు నెల రోజులు కలిసిపోతాడు. దాన్నే గురు మౌఢ్యం అన్నారు. 2026లో జూలై ఆఖరున సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది. పెళ్లి చేయాలా వద్దా అన్నది మీ ఇంటి పద్ధతి, కనబడకపోవడం మాత్రం ఖగోళ నిజం.

మా బాబుకు గురుబలం లేదన్నారు. ఈ గ్రహం వల్ల చదువు రాదా?

అంత దూరం నుంచి ఆ గ్రహం నుంచి మీ బాబుకు అందేది కాసింత వెలుగు, లెక్కకు రానంత ఆకర్షణ, అంతే. దానితో చదువు ఆగుతుందనడానికి ఏ ఆధారమూ లేదు. ఆ టెన్షన్ బాబు మీద పెట్టకండి. కంటి పరీక్ష చేయించారా, బోర్డు కనబడుతోందా అని ముందు చూడండి. నా క్లాసులో వెనకబడ్డ పిల్లల్లో కొందరికి అసలు కారణం అదే అయింది.

మా పాప పెద్దయ్యాక వీటి మీద పని చేస్తానంటోంది. ఇప్పుడు ఏం చేయించాలి?

ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనివ్వండి. పేజీకి మధ్యలో చిన్న సున్నా గీసి, రోజూ రాత్రి బైనాక్యులర్‌లో కనబడిన చుక్కలు ఎడమన ఎన్ని, కుడిన ఎన్ని, ఎంతెంత దూరంలో అని పెట్టించండి. తేదీ, టైము తప్పకుండా రాయాలి. మబ్బు పట్టిన రోజు "మబ్బు" అని రాయాలి, ఊహించి గీయకూడదు. 2009 జూలైలో గురుడి మీద కొత్తగా ఏదో పడిన నల్ల మచ్చను మొదట చూసింది పెద్ద సంస్థ కాదు, ఆస్ట్రేలియాలో సొంత టెలిస్కోపుతో రోజూ చూసే ఆంథనీ వెస్లీ అనే ఔత్సాహికుడు. రోజూ చూసేవాళ్లకే తేడా తెలుస్తుంది.

హైదరాబాద్ పోయినప్పుడు బిర్లా ప్లానెటోరియం చూపించండి. ఉస్మానియా యూనివర్సిటీకి రంగారెడ్డి జిల్లా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఉందని, అది మన పక్కనే ఉందని చెప్పండి. నోటుబుక్కు మాత్రం ఇవాళ రాత్రే మొదలుపెట్టించండి. మొదటి పేజీలో చుక్కలు సరిగ్గా రాకపోయినా చింపొద్దనండి.